నీళ్లు తగిలితే పేలే లోహాలు

క్షార లోహాలు ఆరు: లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం, ఫ్రాన్షియం. ఆవర్తన పట్టికలో ఎడమ చివరి నిలువు వరుసలో, హైడ్రోజన్ కింద, ఇదే వరసలో ఉంటాయి. లోహాలే అయినా వీటి తీరు ఇనుములాగానో రాగిలాగానో ఉండదు. సోడియం ముక్కను మామూలు చాకుతో కోయవచ్చు. కోసిన చోట వెండిలా తళతళలాడుతుంది, గాలి తగిలిన కొద్దిసేపటికే మసకబారిపోతుంది. లిథియం, సోడియం, పొటాషియం నీటికన్నా తేలిక. సీజియం ఒంటి వేడికే కరిగిపోతుంది. ఈ ఆరింటినీ ఒక కుటుంబంగా కలిపి ఉంచే గుణాల్లో ముఖ్యమైనది నీళ్లతో వీటికి పడకపోవడం.

జరిగే మార్పు చెప్పుకోవడానికి చిన్నదే. లోహం తన ఎలక్ట్రాన్‌ను నీటికి ఇచ్చేసి హైడ్రాక్సైడ్‌గా మారి కరిగిపోతుంది, నీటి అణువుల్లోని హైడ్రోజన్‌లో కొంత వాయువుగా బయటపడుతుంది, దాంతోపాటు వేడి పుడుతుంది. ఒక గ్రాము సోడియం పూర్తిగా చర్య జరిపితే సుమారు అర లీటరు హైడ్రోజన్ వస్తుంది. అప్పుడు పుట్టే వేడి 25 గ్రాముల నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే దాకా తీసుకెళ్లడానికి సరిపోతుంది. ఇదంతా హైస్కూలు పాఠమే. అయితే ఈ చర్య పేలుడుగా ఎందుకు మారుతుందన్న ప్రశ్నకు పుస్తకాలు తరతరాలుగా చెప్పిన జవాబులో పెద్ద లోటు ఉంది. ఆ లోటు 2015లో గానీ పూడలేదు.

ముందు కంటికి కనిపించేది చూడాలి. మిరియపు గింజంత సోడియం ముక్కను కిరోసిన్ సీసాలోంచి పట్టకారుతో తీసి, వడపోత కాగితంతో తుడిచి, వెడల్పాటి తొట్టెలోని నీళ్లలో వేస్తారు. ముక్క మునగదు. సుయ్‌మంటూ చప్పుడు చేస్తూ నీటిపై అటూ ఇటూ పరుగెడుతుంది. ఒకటి రెండు క్షణాల్లో దాని మూలలు, అంచులు మాయమై గుండ్రటి మెరిసే పూసలా మారుతుంది. సోడియం 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, చర్యలో పుట్టిన వేడి అందుకు చాలు. కరిగిన లోహాన్ని తలతన్యత గుండ్రంగా చుట్టేస్తుంది. అడుగున ఎడతెగక పుడుతున్న హైడ్రోజన్, నీటి ఆవిరి ఒక పక్క నుంచి ఎక్కువగా, ఇంకో పక్క నుంచి తక్కువగా తన్నుకొస్తాయి. పూస పరుగులు అందుకే. నీటిలో ముందే రెండు చుక్కల ఫినాఫ్తలీన్ కలిపి ఉంచితే, పూస వెళ్లిన దారంతా గులాబీ రంగు గీత పడుతుంది. అక్కడ సోడియం హైడ్రాక్సైడ్, అంటే బట్టల సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా, ఏర్పడిందనడానికి అది గుర్తు. పూస క్రమంగా చిన్నదై, చివరికి టప్‌మని చిట్లి పోతుంది.

అదే ముక్కను నీటిపై తేలుతున్న వడపోత కాగితం మీద పెడితే కథ మారుతుంది. కాగితం దాన్ని ఒకచోటే పట్టి ఉంచుతుంది. పరుగెత్తే వీలు లేక వేడంతా అక్కడే పోగుపడి, హైడ్రోజన్ భగ్గున అంటుకుంటుంది. మంట పసుపు రంగులో ఉంటుంది. ఆ పసుపు ఆవిరైన సోడియం పరమాణువులది, హైడ్రోజన్‌ది కాదు. లోహం అదే, నీళ్లూ అవే. వేడి ఎక్కడికి పోతోంది, లోహానికీ నీటికీ తాకిడి ఎలా ఉంది అన్నవే ఫలితాన్ని మార్చేశాయి. ఈ లోహాల ప్రవర్తన అర్థం కావాలంటే ఈ రెండింటినీ కనిపెట్టి ఉండాలి.

ఈ చర్యను తొలిసారి చూసిన మనిషి హంఫ్రీ డేవీ. 1807 అక్టోబరులో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన పొటాష్‌లోకి విద్యుత్తు పంపాడు. అప్పటికి పొటాష్ ఒక మూలకమో సమ్మేళనమో ఎవరికీ తెలియదు. మొదట దాన్ని నీటిలో కరిగించి చూస్తే హైడ్రోజన్, ఆక్సిజన్ తప్ప ఏమీ రాలేదు. లోహం విడివడినా నీటిలో నిలవదు గనుక ఆ దారిలో అది చేతికి చిక్కే అవకాశమే లేదు. తర్వాత నీళ్లు దాదాపు లేకుండా, పైపైన మాత్రం కాస్త చెమ్మగిల్లిన పొటాష్ తీసుకుని విద్యుత్తుతో కరిగించాడు. అప్పుడు పాదరసంలా మెరిసే చిన్న చిన్న గోళాలు బయటికొచ్చాయి. కొన్ని పుట్టీపుట్టగానే చిటపటమని కాలిపోయాయి. ఆ ఆనందంలో డేవీ గదిలో గంతులు వేశాడని, సహాయకుడిగా ఉన్న ఆయన దాయాది ఎడ్మండ్ డేవీ తర్వాత చెప్పాడు. అదే పొటాషియం. కొద్ది రోజులకే కాస్టిక్ సోడా నుంచి సోడియం కూడా దొరికింది. కొత్త లోహాన్ని దాచడం ఎలా అన్నది పెద్ద చిక్కయింది. గాలిలో పెడితే పాడవుతోంది, నీటిలో వేస్తే మండుతోంది. చివరికి నాఫ్తా అనే ఖనిజ తైలంలో ముంచితే నిలుస్తుందని డేవీ కనిపెట్టాడు. నేటికీ కళాశాల ల్యాబుల్లో సోడియాన్ని కిరోసిన్‌లో ఉంచడం ఆ పద్ధతికి కొనసాగింపే.

మిగతా లోహాలు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. లిథియం జాడను 1817లో స్వీడన్‌కు చెందిన యోహాన్ ఆగస్ట్ ఆర్ఫ్‌వెడ్సన్ పెటలైట్ అనే రాతిలో కనుగొన్నాడు. సీజియాన్ని 1860లోను, రుబీడియాన్ని 1861లోను జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ వర్ణపటంలోని రంగు గీతలను బట్టి పట్టుకున్నారు. ఫ్రాన్షియాన్ని 1939లో పారిస్‌లో మార్గరీట్ పెరే గుర్తించింది. దీనికి రేడియోధార్మికత ఎక్కువ. ఉన్న ఐసోటోపుల్లో అన్నిటికన్నా నిలకడైనదాని అర్ధాయువు కూడా 22 నిమిషాలే. అందువల్ల కంటికి కనిపించేంత ఫ్రాన్షియాన్ని పోగుచేసి నీటిలో వేసి చూడటం కుదిరే పని కాదు.

పట్టికలో పై నుంచి కిందికి వస్తున్న కొద్దీ చర్య తీవ్రత పెరుగుతుంది. లిథియం ముక్క నీటిపై తేలుతూ, నెమ్మదిగా బుడగలు వదులుతూ తరిగిపోతుంది. సోడియం కరిగి పరుగెడుతుంది. పొటాషియం నీటిని తాకీతాకగానే లేత ఊదా రంగు మంటతో అంటుకుంటుంది. రుబీడియం, సీజియం నీటికన్నా బరువు. ఇవి మునిగి, నీటి లోపలే ఒక్కసారిగా చెలరేగి గాజు పాత్రను పగలగొట్టగలవు. ఈ తేడాకు మూలం పరమాణువు నిర్మాణంలో ఉంది. ఆరింటికీ బయటి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్. కిందికి వెళ్లే కొద్దీ పరమాణువు పెద్దదై, ఆ ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమై, పట్టు సడలుతుంది. ఒక మోల్ పరమాణువుల నుంచి ఆ ఎలక్ట్రాన్లను ఊడదీయడానికి లిథియానికి 520 కిలోజౌళ్లు కావాలి. సోడియానికి 496, పొటాషియానికి 419, రుబీడియానికి 403, సీజియానికి 376 చాలు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. తీవ్రంగా చర్య జరిపేదే ఎక్కువ వేడి విడుదల చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. లెక్కలు చూస్తే అలా లేదు. ఒక మోల్ సోడియం నీటితో చర్య జరిపితే వచ్చే వేడి సుమారు 184 కిలోజౌళ్లు, పొటాషియానికి 196. అన్నిటికన్నా నెమ్మదైన లిథియానికి 222! గ్రాముల్లో చూస్తే తేడా ఇంకా ఎక్కువ. గ్రాము లిథియం ఇచ్చే వేడి గ్రాము సోడియం ఇచ్చేదానికి నాలుగు రెట్లు. లిథియం అయాను చాలా చిన్నది, నీటి అణువులను తన చుట్టూ గట్టిగా లాక్కుంటుంది. ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి ఎక్కువ ఖర్చయినా, ఆ లాక్కోవడంలో వచ్చే శక్తి అంతకు మించి ఉంటుంది.

మరి లిథియం ఎందుకు పేలదు? ఉన్న వేడినంతా అది నెమ్మదిగా, విడతలుగా వదులుతుంది గనుక. దాని ఎలక్ట్రాన్ అంత తేలిగ్గా కదలదు. పైగా లిథియం కరగాలంటే 180 డిగ్రీల వేడి కావాలి. చుట్టూ ఉన్న నీళ్లు వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంటే అది గట్టి ముక్కగానే ఉండిపోతుంది. పొటాషియం 63 డిగ్రీలకు, రుబీడియం 39కి, సీజియం 28కి కరుగుతాయి. కరిగిన లోహం పై పొర కింద నుంచి ఎప్పటికప్పుడు కొత్త లోహం బయటపడుతూ నీటిని తాకుతుంది. మొత్తం ఎంత వేడి పుట్టింది అన్నదానికన్నా ఎంత తక్కువ సమయంలో పుట్టింది అన్నదే పేలుడును తేలుస్తుంది.

సీజియం గురించి జనంలో ఉన్న అతిశయం కూడా ఇక్కడే సరిచేసుకోవాలి. సీజియం పరమాణువు బరువైనది, కాబట్టి గ్రాముకు దాని నుంచి వచ్చే హైడ్రోజన్ తక్కువ, వేడి కూడా తక్కువ. బ్రిటన్‌లో ఒక టీవీ సైన్సు కార్యక్రమం స్నానపు తొట్టెలో సీజియం వేసి భారీ పేలుడు జరిగినట్టు చూపించింది. నిజానికి సీజియం అంతగా పేలకపోవడంతో మామూలు పేలుడు పదార్థం పెట్టి ఆ దృశ్యం చిత్రించారని తర్వాత తెలిసింది. ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. సోడియం, పొటాషియం పెద్ద ముక్కలతో జరిగే ప్రమాదమే నిజానికి ఎక్కువ.

ఇక అసలు చిక్కు. పాత వివరణ ఇలా సాగేది: చర్యలో హైడ్రోజన్ పుడుతుంది, వేడికి అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అంటుకుంటుంది, అదే పేలుడు. మంట వరకూ ఈ మాట సరైనదే. కానీ గాలి లేని చోట, నీటి లోపల కూడా ఈ లోహాలు పేలుతాయి. అక్కడ హైడ్రోజన్‌ను మండించే ఆక్సిజన్ ఏది? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దోసె పెనం బాగా కాలాక నీళ్లు చిలకరిస్తే చుక్కలు వెంటనే ఆవిరైపోకుండా పెనం మీద గంతులేస్తాయి. కింద ఏర్పడిన ఆవిరి పొర నీటిని పెనానికి తగలకుండా పైకి లేపి పట్టుకుంటుంది. సోడియం విషయంలోనూ అదే జరగాలి. చర్య మొదలవగానే పుట్టే హైడ్రోజన్, నీటి ఆవిరి లోహానికీ నీటికీ మధ్య తెరలా నిలిచి, తాకిడి తగ్గించి, చర్యను మందగింపజేయాలి. ఇంత మంచి తెర ఏర్పడే చోట పేలుడు ఎలా సాధ్యం?

చెక్ రాజధాని ప్రాగ్‌లోని సేంద్రియ రసాయన, జీవ రసాయన సంస్థలో పావెల్ యుంగ్‌విర్త్, ఫిలిప్ మేసన్ బృందం ఈ ప్రశ్నను పట్టుకుంది. గట్టి సోడియం ముక్కలతో చిక్కేమిటంటే, ఒకే పరిమాణంలో వేసినా ఒకటి పేలుతుంది, ఇంకొకటి పేలదు. పైనున్న మసక పొర, ముక్క ఆకారం ప్రతిసారీ వేరుగా ఉంటాయి. అందుకే వాళ్లు సోడియం, పొటాషియం కలిపిన మిశ్రమలోహాన్ని ఎంచుకున్నారు. తగిన పాళ్లలో కలిపితే అది గది ఉష్ణోగ్రత దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది. దాన్ని సిరంజిలోంచి చుక్కలుగా నీటిలో పడేలా చేసి, సెకనుకు వేల చిత్రాలు తీసే కెమెరాతో చిత్రించారు.

చిత్రాల్లో కనిపించింది ఎవరూ ఊహించనిది. చుక్క నీటిని తాకిన తర్వాత ఒక మిల్లీసెకను కూడా గడవకముందే, దాని ఒంటి నిండా సన్నటి లోహపు ముళ్లు మొలిచి నీటిలోకి దూసుకుపోయాయి. వేడి వల్ల ఆవిరి పుట్టి, ఆ ఆవిరి లోహాన్ని చిమ్మిందనుకుందామంటే, సమయం అందుకు మరీ తక్కువ. ముళ్ల చుట్టూ నీటిలో నీలం, ఊదా కలిసిన రంగు ఒక్క క్షణం మెరిసింది.

కంప్యూటరు గణనలు మిగతా కథ చెప్పాయి. కొద్దిపాటి సోడియం పరమాణువుల గుంపును నీటి అణువుల మధ్య పెట్టి లెక్కకడితే, ఉపరితలం మీది ఎలక్ట్రాన్లు సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కల్లో కొలిచేంత వేగంతో నీటిలోకి వెళ్లిపోయాయి. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న లోహపు పరమాణువులన్నీ ఒక్కసారిగా ధనావేశంతో మిగిలాయి. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చుక్కను గుండ్రంగా పట్టి ఉంచే తలతన్యతను ఈ తోపుడు మించిపోగానే చుక్క చీలి ముళ్లుగా విచ్చుకుంటుంది. ఆవేశం ఎక్కిన ద్రవపు చుక్క ఒక హద్దు దాటితే నిలవదని లార్డ్ రేలీ 1882లోనే గణితంతో చూపించాడు. ఈ తరహా విచ్ఛిన్నాన్ని కూలూంబ్ పేలుడు అంటారు. విచ్చుకున్న ముళ్ల వల్ల నీటిని తాకే లోహపు వైశాల్యం అమాంతం పెరిగిపోతుంది. ఆవిరి తెర ఏర్పడే లోపే తాజా లోహం తాజా నీటిలోకి చొచ్చుకుపోతుంది. హైడ్రోజన్, ఆవిరి, వేడి కుమ్మరించినట్టు పుట్టేది ఆ తర్వాతే. మనకు వినిపించే పేలుడు అదే. హైడ్రోజన్ అంటుకోవడం ఆఖరి ఘట్టం, ఆరంభం కాదు. ఈ పరిశోధన 2015లో నేచర్ కెమిస్ట్రీ పత్రికలో అచ్చయింది. రెండు శతాబ్దాలకు పైగా పిల్లలకు చేసి చూపిస్తున్న ప్రయోగంలో మొదటి మిల్లీసెకను గురించి సరిగా తెలియలేదంటే, బాగా తెలుసనుకున్న విషయాలను మళ్లీ అడిగి చూడటానికి ఇంతకన్నా మంచి కారణం ఉండదు.

ఆ నీలి రంగుకూ అర్థం ఉంది. లోహాన్ని వదిలిన ఎలక్ట్రాన్లు నీటి అణువుల నడుమ కాసేపు విడిగా చిక్కుకుని ఉంటాయి. ఆ స్థితిలో అవి ఎరుపు వైపు కాంతిని పీల్చుకోవడం వల్ల నీలంగా కనిపిస్తాయి. ద్రవ అమ్మోనియాలో సోడియం కరిగిస్తే ఇదే నీలం చాలాసేపు నిలుస్తుంది. నీటిలో మాత్రం ఆ ఎలక్ట్రాన్లు వెంటనే నీటితో చర్య జరిపి హైడ్రోజన్‌గా, హైడ్రాక్సైడ్‌గా తేలిపోతాయి. ఆ మరుసటి ఏడు అదే బృందం మిశ్రమలోహపు చుక్కను నీటిపై మెల్లగా ఆనించి, పేలకుండా నిలబెట్టి, ఆ నీలాన్ని మామూలు కంటికే కనిపించేలా చేసింది. లోహమంతా అయిపోయాక అక్కడ మిగిలింది ఎర్రగా కాలుతున్న, పారదర్శకమైన కరిగిన హైడ్రాక్సైడ్ చుక్క. అది ఆవిరి దిండు మీద తేలుతూ, చల్లబడి నీటిని నిజంగా తాకగానే చిట్లింది. సోడియం పూస చివర్లో టప్‌మని చిట్లడం వెనక ఉన్నదీ ఇదే.

2021లో ఇంకో అడుగు పడింది. బెర్లిన్‌లోని బెస్సీ-2 కేంద్రంలో గాలి తీసేసిన గదిలో మిశ్రమలోహపు చుక్కను వేలాడదీసి, దానిపై అతి తక్కువ నీటి ఆవిరిని వదిలారు. నీళ్లు అంత కొద్దిగా ఉంటే పేలుడు జరగదు. చుక్క మీద పరుచుకున్న పలుచని నీటి పొరలోకి ఎలక్ట్రాన్లు చేరి, ఆ పొర కొద్ది సెకన్లపాటు బంగారు రంగులో మెరిసింది. ఆ కాసేపు ఆ నీళ్లు లోహంలా విద్యుత్తును మోసే స్థితికి వచ్చాయి. నీటిని లోహంగా మార్చాలంటే భారీ గ్రహాల గర్భంలో ఉండేంత పీడనం కావాలనుకునేవారు. ఎలక్ట్రాన్లను బయటి నుంచి అరువిస్తే అంత పీడనం లేకుండానే పని జరిగింది. పేలుడుకు కారణమైన ఎలక్ట్రాన్ల దూకుడే ఇక్కడ బంగారు నీటికీ కారణం.

సోడియం ఇంత ప్రమాదకరమైతే కూరలో వేసే ఉప్పు సంగతేమిటి? ఉప్పులోని సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఎప్పుడో ఇచ్చేసింది. నీటికి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగలలేదు, కాబట్టి ప్రశాంతంగా కరుగుతుంది. ఫోన్లలో, విద్యుత్ స్కూటర్లలో వాడే లిథియం అయాన్ బ్యాటరీలకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో లిథియం ప్రధానంగా సమ్మేళనాల్లో అయాన్ల రూపంలో ఉంటుంది, లోహపు ముద్దగా కాదు. అలాంటి బ్యాటరీ అంటుకున్నప్పుడు చల్లబరచడానికి అగ్నిమాపక సిబ్బంది పెద్ద మొత్తంలో నీళ్లు కొట్టడం సరైన పనే. రీఛార్జ్ చేయని గుండీ బ్యాటరీల్లో కొన్నిటిలో మాత్రం నిజమైన లిథియం లోహం ఉంటుంది. వాటిని విప్పి చూడటం, తడి చేయడం మంచిది కాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రసాయన శాస్త్రం చదివే విద్యార్థులకు సోడియం లోహంతో పరిచయం ఎక్కువగా లాసైన్ పరీక్ష దగ్గర జరుగుతుంది. కర్బన సమ్మేళనంలో నైట్రోజన్, గంధకం, హాలోజన్లు ఉన్నాయో లేదో కనుక్కునే పరీక్ష అది. చిన్న ఇగ్నిషన్ ట్యూబులో సోడియం ముక్క, సమ్మేళనం కలిపి ఎర్రగా కాలే దాకా వేడిచేసి, ఆ ట్యూబును అలాగే పింగాణీ గిన్నెలోని స్వేదన జలంలో ముంచుతారు. గాజు పగులుతుంది, మిగిలిన సోడియం నీటితో కలిసి చిటపటలాడుతుంది. సోడియం సరిగ్గా అయిపోకముందే ముంచితే ఆ చిటపట మంటగా మారవచ్చు. గిన్నెపై ఇనుప వల మూయమని, ముఖం దూరంగా పెట్టమని, కళ్లద్దాలు పెట్టుకోమని లెక్చరర్లు పదేపదే చెప్పేది ఇందుకే. చర్మం మీద పడితే గాయం రెండు విధాలుగా అవుతుంది. ఒకటి వేడి వల్ల, రెండోది కాస్టిక్ సోడా చర్మాన్ని తినేయడం వల్ల. కంటిలో పడితే రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది.

దాచే పద్ధతి కూడా లోహాన్ని బట్టి మారుతుంది. సోడియం, పొటాషియం కిరోసిన్‌లో మునిగి ఉంటాయి. లిథియం కిరోసిన్‌కన్నా తేలిక కాబట్టి పైకి తేలి గాలికి దొరికిపోతుంది. దాన్ని మైనంలో పొదిగో, ఆర్గాన్ వాయువులోనో ఉంచాలి. రుబీడియం, సీజియం గాలి తగిలితే తమంతట తామే అంటుకునేవి. అవి మూతిని కరిగించి మూసిన గాజు గొట్టాల్లోనే ఉంటాయి. ఏళ్ల తరబడి సీసాలో పడి ఉన్న పొటాషియం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. దానిపై పసుపు రంగులో సూపరాక్సైడ్ పొర ఏర్పడి ఉంటే చాకుతో కోసినా పేలే ప్రమాదం ఉంది. అలాంటి ముక్కను ముట్టుకోకుండా నిపుణులకు అప్పగించడమే సరైన పని. ల్యాబులో మిగిలిన సోడియం తుంపులను సింకులో పారేయడం కన్నా పెద్ద తప్పు లేదు. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దికొద్దిగా వేయాలి. ఆల్కహాల్‌తోనూ హైడ్రోజన్ వస్తుంది, కానీ చాలా నిదానంగా. సోడియం అంటుకుంటే నీళ్లు పనికిరావు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదు. మండుతున్న సోడియం ఆ వాయువుతో కూడా చర్య జరుపుతుంది. పూర్తిగా ఎండిన ఇసుక, ఎండు సోడా బూడిద, లోహపు మంటలకని తయారుచేసిన పొడి మాత్రమే వాడాలి.

పెద్ద మొత్తంలో సోడియాన్ని వదిలించుకోవడం ఒకప్పుడు ఎంత నిర్లక్ష్యంగా జరిగిందో చెప్పడానికి రెండు సంఘటనలు చాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మిగిలిపోయిన సోడియం పీపాలను 1947లో వాషింగ్టన్ రాష్ట్రంలోని లెనోర్ సరస్సులోకి దొర్లించారు. పీపాలు నీటిలో ఒక్కొక్కటిగా పేలి, తెల్లటి స్తంభాలు ఆకాశంలోకి లేచిన దృశ్యాన్ని సినిమా కూడా తీశారు. సరస్సు నీళ్లు ముందే క్షారంగా ఉన్నాయి గనుక నష్టం లేదన్నది అప్పటి వాదన. స్కాట్లండ్‌లోని డౌన్‌రే అణుకేంద్రంలో 65 మీటర్ల లోతైన గోతిలో రేడియోధార్మిక వ్యర్థాలతోపాటు కొంత సోడియం, పొటాషియం కూడా పడేశారు. గోతిలో నీళ్లున్నాయి. 1977 మేలో అది పేలి పైనున్న బరువైన మూతను ఎగరగొట్టింది. ఆ గోతిని శుభ్రం చేసే బాధ్యత తర్వాతి తరాల మీద పడింది.

అణుకేంద్రంలో సోడియానికి ఏం పని అన్న సందేహం రావచ్చు. ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించకుండా వేడిని మోసుకెళ్లే ద్రవం కావాలి. నీళ్లు ఆ వేగాన్ని తగ్గించేస్తాయి. కరిగిన సోడియం తగ్గించదు. వేడిని బాగా మోస్తుంది, 883 డిగ్రీల దాకా మరగదు, కాబట్టి గొట్టాల్లో భారీ పీడనం అక్కర్లేదు. తమిళనాడులోని కల్పాక్కంలో 1985 నుంచి ఇలాంటి ప్రయోగ రియాక్టరు ఉంది. దాని పక్కనే 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు నిర్మించారు. 2024 మార్చిలో దాని గర్భాన్ని (కోర్‌ను) నింపే పని మొదలైంది. ఆ ఒక్క రియాక్టరుకే సుమారు 1,750 టన్నుల సోడియం కావాలి.

అయితే కరెంటు పుట్టించాలంటే టర్బైన్‌కు ఆవిరి కావాలి, ఆవిరికి నీళ్లు కావాలి. అంటే ఎక్కడో ఒకచోట సోడియం, నీళ్లు ఒకే ఉక్కు గొట్టానికి అటూ ఇటూ ప్రవహించక తప్పదు. ఆ చోటే స్టీమ్ జనరేటరు. లోపల వాతావరణ పీడనానికి 150 రెట్లకు పైగా పీడనంతో నీళ్లు, ఆవిరి. బయట తక్కువ పీడనంలో సోడియం. మధ్యలో ఉన్నది కొద్ది మిల్లీమీటర్ల ఉక్కు. గొట్టంలో కంటికి ఆనని పగులు వచ్చినా నీటి ఆవిరి సోడియంలోకి చిమ్ముతుంది. అక్కడ పుట్టే వేడి, కాస్టిక్ సోడా కలిసిన జెట్ పక్క గొట్టాన్ని తినేసి దానికీ చిల్లు పెడుతుంది, అది ఇంకోదానికి. 1987లో డౌన్‌రేలోని ప్రోటోటైప్ ఫాస్ట్ రియాక్టరులో ఒక గొట్టంతో మొదలైన లీకు కొద్ది సెకన్లలోనే దాదాపు 40 గొట్టాలకు పాకింది.

ఇంజినీర్లు దీనికి అనేక పొరల జవాబులు తయారుచేశారు. రియాక్టరు గుండెలో తిరిగే సోడియాన్ని నీటి దరిదాపులకే రానివ్వరు. అది తన వేడిని రెండో వలయంలోని సోడియానికి అప్పగిస్తుంది, రేడియోధార్మికత లేని ఆ రెండో సోడియమే స్టీమ్ జనరేటరుకు వెళుతుంది. కల్పాక్కం రియాక్టరులో ఒక్కో గొట్టం సుమారు 23 మీటర్ల పొడవుంటుంది. గొట్టం పొడవు పెరిగితే జనరేటర్ల సంఖ్య, వాటితోపాటు అతుకుల సంఖ్య తగ్గుతాయి, లీకులు ఎక్కువగా వచ్చేది అతుకుల దగ్గరే మరి. సోడియంలో హైడ్రోజన్ ఏ కాస్త పెరిగినా కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి. పలుచని నికెల్ పొరను సోడియానికి ఒక పక్కగా అమరిస్తే, హైడ్రోజన్ ఒక్కటే ఆ పొర గుండా అవతలికి చేరుతుంది, దాన్ని కొలుస్తారు. లీకు చిన్నగా ఉండగానే తెలిస్తే నీటిని ఆపి ఆవిరిని వదిలేయవచ్చు. అప్పటికీ పీడనం పెరిగిపోతే, ముందుగా చినగడానికే అమర్చిన పలుచని లోహపు బిళ్లలు చినిగి దాన్ని సురక్షితమైన దారిలోకి మళ్లిస్తాయి.

రియాక్టరు జీవితం ముగిశాక సోడియాన్ని ఏం చేయాలన్నది మరో పెద్ద పని. ఫ్రాన్స్‌లో మూసేసిన సూపర్‌ఫీనిక్స్ రియాక్టరులో సుమారు 5,500 టన్నుల సోడియం మిగిలింది. దాన్ని వదిలించుకోవడానికి మళ్లీ నీటి చర్యనే ఎంచుకున్నారు, కానీ పగ్గాలు గట్టిగా పట్టుకుని. గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణం ప్రవహిస్తుంటే అందులోకి కరిగిన సోడియాన్ని అతి కొద్ది కొద్దిగా పంపారు. ద్రావణంలోని నీళ్లు సోడియంతో చర్య జరుపుతాయి. పరిమాణం తక్కువ కాబట్టి వేడి ఎప్పటికప్పుడు ప్రవాహంతో వెళ్లిపోతుంది, పుట్టిన హైడ్రోజన్‌ను వేరుచేసి పైకి పంపేస్తారు. ఇలా వచ్చిన కాస్టిక్ సోడాను సిమెంటులో కలిపి దిమ్మెలుగా పోశారు. గొట్టాల గోడలకు, మూలలకు అంటుకుని మిగిలే పలుచని సోడియం పొరలను కడగడానికి డౌన్‌రే లాంటి చోట్ల నైట్రోజన్‌లో కొద్దిపాటి నీటి ఆవిరి కలిపి పంపుతారు. ఎంత ఆవిరి పంపితే అంతే చర్య, అంతే వేడి. ఒక్కో పాత్రను ఇలా శుభ్రం చేయడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది.